ఆయన ఒడ్డుకెక్కిన పేజీ

వాకాడు దగ్గర మిషన్ స్కూల్లో టీచరుగా చేరిన కొత్తలో నాకు ఇరవై రెండేళ్లు, నోరు మాత్రం నలభై ఏళ్లది. అప్పటికి పందొమ్మిదొందల అరవై ఇంకా రాలేదు. ప్రతి శుక్రవారం చివరి పీరియడ్‌లో పెద్ద క్లాసు పిల్లలకి ఒక పుస్తకం గురించి చెప్పేదాన్ని. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తుంటే సగం మందికి కళ్లు మూతలు పడేవి. నేనే కలలో మాట్లాడుతున్నట్టుండేది.

ఆ వారం యుద్ధం నవల. మన వైపు మనిషే ఒకడు యుద్ధకాలంలో ఓడ పనికి పోయి, చివర్లో బర్మా సముద్రంలో మునిగిపోతాడు. ఆ ముగింపు మాత్రం పిల్లలకి చెప్పలేదు. ఏడుపొస్తే ఏడవండి గానీ చివరిదాకా చదవందే తిరిగివ్వొద్దని గొప్పగా చెప్పినాను. సముద్రం ఒడ్డు పాళెం నుంచి వచ్చే పిల్ల ఒకతె చేయి చాపి తీసుకున్నది.

ఆ పాళెంలో పుస్తకం ఒక్కరే చదువుకోరని నాకేం తెలుసు! సాయంత్రం ఆడవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే, చదువొచ్చిన పిల్ల పైకి చదవాల. వారం తర్వాత స్కూలు ఆయా ఆ సంగతి చెప్పి, ఇంకో మాట కూడా చెప్పింది. ఆ పిల్ల కడుపులో ఉండగా తండ్రి యుద్ధం ఓడెక్కి పోయినాడంట, పదహారేళ్లుగా కబురు లేదంట. మొగుడు పోయినాడని కబురు వచ్చేదాకా ఆ పాళెంలో ఆడది బొట్టు తీయదు.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇన్నేళ్లు నిలుపుకున్న బొట్టుని నా పుస్తకం చెరిపేస్తుందే! చివరి అధ్యాయం రాకముందే లాక్కుందామని చెప్పులు చేత్తో పట్టుకొని బయల్దేరినాను. ఇసక, నీళ్లు, ఆకాశం ఒకే రంగులో కలిసిపోయి ఉండినాయి. ఎంత నడిచినా ఉన్నచోటే ఉన్నట్టుండింది.

పోయేసరికి పిల్ల చివరి పేజీల్లో ఉంది. ఓడ మునిగినా ఆయన చెక్క పట్టుకొని తేలినాడు, తెల్లారేసరికి మన ఒడ్డుకే వచ్చినాడు అని చదువుతున్నది. పుస్తకంలో ఆ మాట ఒక్కటీ లేదు. నన్ను చూసి చదవడం ఆపేసింది.

వాళ్లమ్మ వల పక్కన పెట్టి నన్ను అడిగింది.

"టీచరమ్మా, పుస్తకంలో అట్లనే ఉండాదా?"

నేను పాస్టరు కూతుర్ని. అబద్ధమాడిన రోజు మా నాన్న అన్నం పెట్టనిచ్చేవాడు కాడు.

"అట్లనే ఉండాదమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. "రోజూ చదివేటప్పుడు దాని కళ్లు పుస్తకంలో ఉంటాయి. ఇయ్యాల నా మొహం మీదనే ఉండాయి."

నాకు ఏడుపొచ్చింది. పిల్ల తల వంచుకున్నది. ఆమె మళ్లీ వల అందుకొని, కూతురితో మెల్లగా చెప్పింది.

"చదువు పాపా. ఒడ్డుకెక్కినాక ఆయన ఏం తిన్నాడో అది కూడా చదువు."

పిల్ల పేజీ తిప్పి, మామిడికాయ వేసిన చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని చదివింది.