అడ్డం పెట్టిన చెయ్యి

మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటే ఉండేది. అందులో అమ్మ శవపెట్టెలో పడుకుని ఉంటుంది, చుట్టూ మేమంతా నిలబడి ఉంటాం. మైపాడు దగ్గర మా క్రైస్తవ కుటుంబాల్లో అప్పటి ఆచారం అది. బతికుండగా ఫోటో దండగ అనేవాళ్లే, సమాధికి తీసుకెళ్లే ముందు మాత్రం నెల్లూరు నుంచి ఫోటోగ్రాఫర్‌ని పిలిపించేవాళ్లు. ఆ ఫోటో చూసీ చూసీ అమ్మ కళ్లెలా ఉండేవో మరిచిపోయాను. నవ్వు గుర్తుంది, గొంతు గుర్తుంది. కళ్లు మాత్రం ఎంత తలుచుకున్నా మూసుకునే కనిపించేవి.

ఇందులో తప్పంతా అమ్మదేనని నాకు కోపం. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె గట్టి నమ్మకం.

"ప్రభువును నమ్ముకున్నదానివి, కెమెరాకు భయపడతావేందే?" అని నాయన ఎగతాళి చేసేవాడు.

"ప్రభువు సంగతి వేరు, కెమెరా సంగతి వేరు," అనేది అమ్మ.

అమ్మ పోయే ముందటి ఏడు, ఫోటోల పిచ్చి పట్టిన కాలేజీ లెక్చరర్ ఒకాయన నెల్లూరు నుంచి సముద్రం ఒడ్డుకు వస్తూ ఉండేవాడు. పడవా వలా మనిషీ, దేన్నీ వదిలేవాడు కాదు. ఒకరోజు చేపలు బేరమాడుతున్న అమ్మ మీదికి కెమెరా తిప్పాడు. నేను పక్కనే ఉన్నాను గానీ ధ్యాసంతా బుట్టలోని రొయ్యల మీదుంది. క్లిక్కుమన్న చప్పుడు మాత్రం విన్నాను. అమ్మ ఇల్లు చేరేదాకా ఆయన్ని తిడుతూనే నడిచింది.

అమ్మ పోయాక, ఆయన తీసిన ఫోటోలు నెల్లూరులో ఒక హాల్లో ప్రదర్శనకు పెట్టారని తెలిసింది. ఆ క్లిక్కు నాకు గుర్తుకొచ్చింది. తీసుకెళ్లమని నాయన ప్రాణం తీశాను. నాయనేమో ఏదో పెళ్లికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

మొదటి గదంతా ముఖాలే. పడవ నడిపే తాత, ఎండుచేపలమ్మే పిన్నమ్మ, మా ఊరి మనుషులే గోడల మీద ఇంతింత ముఖాలతో మమ్మల్నే చూస్తున్నారు. అందరివీ తెరిచిన కళ్లే. ఒక్కొక్కటే వెతుక్కుంటూ చివరిదాకా వెళ్లాను. అమ్మ లేదు. పిన్నమ్మ మీద కూడా నాకు ఈర్ష్య పుట్టింది.

రెండో గదిలో ఏమిటో తెలియని ఫోటోలు. ఇసుక మీద చారలు, వల కన్నులు, పడవ అంచున పెచ్చులూడిన రంగు. "కడిగేటప్పుడు చెడిపోయినట్టుండాయే!" అని ఎవరో పెద్దాయన నవ్వుతున్నాడు. చిట్టచివరి ఫోటో నిండా గీతలే, బీటలు వారిన మడిలాగా. వాటిని కోస్తూ ఏటవాలుగా ఒక మచ్చ. దాని ముందు నాయన ఆగిపోయాడు.

అది అరచెయ్యి. కత్తిపీట మీద తెగి మానిన మచ్చ. అమ్మ చెయ్యి.

లెక్చరర్ గారు అక్కడే ఉన్నారు. "ముఖం పడలేదా సార్?" అని నాయన అడిగాడు.

"లేదండీ. చెయ్యి అడ్డం పెట్టేసుకున్నారు. అందుకే ఆ చెయ్యి ఒక్కటే పెద్దది చేసినాను. ఆమె మీకు తెలుసా?"

"మా ఇంటామె. పోయినేడు పోయింది."

ఆయన గోడ మీది ఫోటో దించి, కాగితంలో చుట్టి నాయన చేతికిచ్చారు.

తిరుగు బస్సులో ఏడుపు ఆపుకోలేకపోయాను. "చెయ్యెందుకు నాయనా నాకు? కళ్లు కావాల."

నాయన ఒళ్లోని ఫోటో సర్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆ చెయ్యెనక కళ్లు తెరుచుకోనే ఉండాయమ్మా."

ఇంటికి రాగానే శవపెట్టె ఫోటో దించి, ఆ మేకుకే దీన్ని తగిలించాడు. ఆ ఫోటో ఇప్పుడు నా దగ్గరుంది. అమ్మ బతికిన వయసు నేనెప్పుడో దాటేశాను. అయినా దాని ముందు నిలబడితే చిన్నపిల్లనై అడగాలనిపిస్తుంది, ఒక్కసారి ఆ చెయ్యి దించవే అమ్మా అని.