మా తోడికోడలి పాలపొడి డబ్బా

మొన్న పొద్దున మా కొత్త కోడలు వంటింట్లోంచి "అత్తమ్మా, గ్యాస్ అయిపోయింది" అని కేకేసింది. సిలిండర్ పెట్టి సరిగ్గా ముప్ఫై రెండు రోజులు. పిల్లను అనడానికి నాకు మొహం లేదు. నా చేతి కింద ఏ సిలిండరూ నలభై రోజులు దాటి బతికిన పాపాన పోలేదు. కానీ ఖాళీదాన్ని గోడవారకు దొర్లిస్తుంటే మా తోడికోడలు గుర్తొచ్చింది. గుర్తు రాగానే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, కడుపులో సన్నగా మంట లేచింది. ఆమెకు డెబ్బై రోజులు వచ్చేది.

అప్పుడు మేము వరంగల్ స్టేషన్ దగ్గర ఒకే ఇంట్లో రెండు వాటాల్లో అద్దెకుండేవాళ్ళం. అన్నదమ్ములిద్దరూ బజార్లో గుమాస్తాలే. మా ఆయన బట్టల దుకాణంలో, మా మరిది ఇనుప సామాన్ల దుకాణంలో. జీతాలు ఇంచుమించు సమానం. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, నాకు ఒక్కడే కొడుకు. అత్తగారిని కూడా సమానంగానే పంచుకున్నాం, పదిహేను రోజులు ఇటు, పదిహేను రోజులు అటు. ఇంత సమానంగా ఉన్నప్పుడు, ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి నా చేతిలో మాత్రమే పైసా ఎందుకు ఆడేది కాదు? నా రోగానికి మూలం ఈ ప్రశ్నే. పక్కింటావిడ బంగారం కొంటే ఏదో సర్దిచెప్పుకోవచ్చు, వాళ్ళకు పై రాబడి ఉందేమోనని. తోడికోడలు మిగిలిస్తే ఏమని చెప్పుకుంటాం?

ఆమె పద్ధతులన్నీ నాకు కంఠస్థం. ఓర్వలేనివాళ్ళకు ఉన్నంత జ్ఞాపకశక్తి ఎవరికీ ఉండదు. కొత్త సిలిండర్ పెట్టిన రోజున దాని మీద సుద్దముక్కతో తారీఖు రాసేది. పప్పు ముందే నానబెట్టేది. అన్నం సగం ఉడకగానే స్టవ్ కట్టేసి, మూత మీద నీళ్ళచెంబు పెట్టి, మిగతా సగం ఆవిరి మీదే ఉడికించేది. అరిగిపోయిన సబ్బుబిళ్ళను కొత్త సబ్బుకు అంటించేది, అందుకని వాళ్ళ సబ్బు ఎప్పుడూ రెండు రంగుల్లో ఉండేది. పేస్టు ట్యూబును కత్తెరతో నిలువునా చీల్చి ఇంకో నాలుగు రోజులు లాగేది. కూరగాయలకు అందరూ పొద్దున పోతే ఆమె సాయంత్రం, బుట్టలు సర్దుకునే వేళకు పోయేది. నేను ఇరవైకి తెచ్చిన వంకాయలే ఆమె పదికి తెచ్చేది, పైన రెండు కరివేపాకు రెబ్బలు. ఎంగిలిచేత్తో కాకిని తోలదని నేను చాటుగా అనేదాన్ని. అది అబద్ధమని నాకూ తెలుసు. ఇంటికొచ్చిన వాళ్ళెవరికీ ఆమె చాయ్ పోయకుండా పంపలేదు. ఒకసారి ఆమె నెక్కొండకు తల్లిగారింటికి పోయినప్పుడు, అత్తగారికి మందులిచ్చే వంకతో వాళ్ళ వంటింట్లోకి పోయి, సిలిండర్ ఎత్తి బరువు చూశాను. అరవయ్యో రోజు. ఇంకా బరువుగానే ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అన్నిటికంటే నన్ను కాల్చుకు తిన్నది ఆమె పాలపొడి డబ్బా. మూతకు చీలిక పెట్టి దేవుడి గూటి పక్కన ఉంచింది. నెలాఖరుకు మిగిలింది వేసే డబ్బా కాదది. ఖర్చు పెట్టాల్సిన చోట పెట్టకపోతే, ఆ క్షణమే ఆ డబ్బు అందులో పడాలి. ఆటో ఎక్కకుండా చౌరస్తా నుంచి నడిచొస్తే పది. బజ్జీల బండి ముందు నుంచి తల తిప్పుకుని వస్తే ఇరవై. చెప్పులు కూడా విప్పకుండా డబ్బాలో వేసేది. దానికి తోడు మధ్యాహ్నాలు కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది, వేణ్ణీళ్ళకు చన్నీళ్ళన్నట్టు. నేనూ అలాంటి డబ్బా ఒకటి పెట్టాను. తొమ్మిదో రోజున తలపిన్నుతో చీలికలోంచి యాభై నోటు లాగుతుంటే అత్తగారు చూసింది.

"గామె చేతిల పైసకు కాళ్ళుండయి, నీ చేతిల పడితె రెక్కలొస్తయి" అన్నది.

అత్తగారిని నేను ఏనాడో క్షమించాను. ఆ మాట అంటున్నప్పుడు తోడికోడలు తల వంచుకుని నవ్వు ఆపుకుంది చూడండి, దాన్ని క్షమించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అలాంటి రోజుల్లో, ఒక వానాకాలంలో, నేను చిట్టి ఎత్తుకున్నాను. జీవితంలో మొదటిసారి నా బీరువాలో నోట్ల కట్ట ఉంది. రెండు తలుపుల ఫ్రిజ్ కొనాలని, అది కూడా వాళ్ళ వాకిట్లోంచి కనపడేలా పెట్టాలని నిర్ణయించుకున్నాను. మరునాడు కొంటామనగా, దీపాలు పెట్టే వేళ తోడికోడలు వచ్చి మా గడపలో నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. చివరికి అన్నది:

"అక్కా, డబ్బా నిండుకున్నది."

నా ఒళ్ళు భగ్గుమంది. నేను ఫ్రిజ్ కొంటున్నానని తెలిసి, ఒక్కరోజైనా నన్ను సంతోషంగా ఉండనివ్వకుండా ఆ డబ్బా సంగతి చెప్పడానికి వచ్చిందనుకున్నాను.

"నీకేం తక్కువ చెల్లె, నీ డబ్బా నిండుతనే ఉంటది. ఇగ గొలుసు చేపిచ్చుకో" అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. "సరే అక్కా" అని వెళ్ళిపోయింది.

ఫ్రిజ్ వచ్చింది. ఆమె వచ్చి చూసి, దానికి పసుపు కుంకుమ పెట్టి, "మంచిగున్నదక్కా, సల్లటి నీళ్ళకు బాధ లేదు" అని మెచ్చుకుంది. ఆ వారంలోనే వాళ్ళ కుట్టుమిషన్ కనిపించకుండా పోయింది. పాతది తీసేసి మోటారు మిషన్ కొంటుందన్నమాట అనుకున్నాను. రెండు నెలలు ఆ మోటారు మిషన్ కోసం కాచుకుని కూర్చున్నాను. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగినా నా మంట చల్లబడలేదు. మిషన్ మాత్రం రాలేదు. ఇక ఉండబట్టలేక ఒకరోజు వాళ్ళ పిల్లనే అడిగాను.

"అమ్మ కొత్త మిషిన్ ఎప్పుడు తెస్తదే?"

"కొత్తదెక్కడిది పెద్దమ్మా? పాతది నా పాలిటెక్నిక్ ఫీజుకే అమ్మింది గద. తొర్రూరుకెల్లి ఒకామె అచ్చి కొనుక్కపోయింది. బాపుకు కొలువు పోయి అప్పటికి మూన్నెల్లాయె" అని, చెప్పకూడనిది చెప్పానని నాలుక కరుచుకుంది.

మూడు నెలలు! మరిది రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని తొమ్మిదింటికి బయటికి పోతూనే ఉన్నాడు. పని వెతుక్కోవడానికి పోతున్నాడని గోడ అవతలున్న నాకు తెలియలేదు. సిలిండర్ బరువు చూసిన దాన్ని, ఇది చూడలేదు. ఉన్నప్పుడు కూడా లేనట్టే బతికే ఇంట్లో, నిజంగా లేని రోజు వచ్చినా పైకేమీ మారలేదు. అదే సబ్బు, అదే ఆవిరి అన్నం.

ఆమె దగ్గరికి పరుగెత్తాను. మిషన్ లేదు కాబట్టి చీర ఫాల్ చేత్తో కుడుతోంది.

"మరి ఆనాడు డబ్బా నిండిందంటివి గద?"

ఆమె తలెత్తకుండానే అన్నది. "నిండిందనలేదక్కా. నిండుకున్నదన్న. దీపం పెట్టే యాల్ల లేదని నోటితోని ఎట్లంటం?"

బియ్యమైనా ఉప్పైనా అయిపోతే లేదనకుండా నిండుకుందనడం మన ఇళ్ళల్లో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నదే. ఆ పొద్దునే నేను మా ఆయనతో "చింతపండు నిండుకున్నది, తీస్కరా" అన్నాను. ఆయన బజారుకు పోయి తెచ్చాడు కూడా. బట్టల దుకాణం మనిషికి అర్థమైన మాట, అసూయతో నిండిన నా చెవికి అర్థం కాలేదు.

"నన్ను గట్టిగ అడుగొద్దా? పైసలు బీరువలనే ఉండె" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వు సంబురంగ ఫ్రిజ్ తెచ్చుకుంటాంటివి, ఎట్లడుగుత? ఇప్పుడు ఫికర్ లేదక్కా, ఆయన కొలువుల చేరిండు. పిల్ల కాలేజీకి పోతాంది." దారం కొరికి, సూది జాకెట్టుకు గుచ్చుకుని, చాయ్ పెట్టడానికి లేచింది.

నేను ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. మళ్ళీ మిషన్ కొనుక్కోవడానికి ఆమెకు మూడేళ్ళు పట్టింది. మూడేళ్ళూ చేత్తోనే కుట్టింది. ఆనాడు నా గడపలోంచి ఉత్త చేతులతో తిరిగిపోయిన సంగతి అత్తగారితో చెప్పలేదు, భర్తతో చెప్పలేదు, ఎంత పెద్ద మాట పట్టింపు వచ్చినా నా మీదికి విసరలేదు. నేనైతే చుట్టపక్కాలందరికీ పంచిపెట్టి ఉండేదాన్ని. ఇప్పుడు మడికొండలో బిడ్డ కొన్న ఇంట్లో ఉంటోంది. పోయినప్పుడల్లా చాయ్ పోస్తుంది. ఇల్లు చూసి కుళ్ళుకోవడం ఎప్పుడో మానేశాను. అంత మాట కడుపులో దాచుకోగలిగిన ఆమె గుండెను చూస్తే మాత్రం ఇప్పటికీ కుళ్ళే.

సబ్బు దాచుకోవచ్చు, గ్యాస్ దాచుకోవచ్చు, చివరికి కోపాన్ని కూడా దాచుకోవచ్చు. ఒక మనిషి మన గడపలోకి వచ్చి నిలబడిన రెండు నిమిషాలను మాత్రం అప్పటికప్పుడు ఖర్చు పెట్టాల్సిందే, తర్వాత బీరువా నిండా డబ్బున్నా ఆ రెండు నిమిషాలు ఎవరూ తిరిగి అమ్మరు.