అంచుకి గీసిన కప్పు

పోయిన వేసవిలో మీ అమ్మ పూణేలో ఇల్లు మారింది. కొత్త వంటింట్లో చోటు చాలక బ్రెడ్ మిషన్ తెచ్చి నా దగ్గర పెట్టింది. మీరు నాలుగు రోజులుండి వెళ్ళిపోయారు, మిషన్ ఉండిపోయింది. కొన్నాళ్ళు దాని మీద కందిపప్పు డబ్బా పెట్టుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశావు, పెద్దమ్మాయీ. అంతకుముందు నీ ఫోన్ పండక్కో పుట్టినరోజుకో వచ్చేది. తిన్నావా, తిన్నాను. వానలు పడ్డాయా, పడ్డాయి. మాటలు అయిపోయేవి.

"మిషన్ వాడుతున్నావా అమ్మమ్మా?"

"ఆ పుస్తకం అంతా ఇంగ్లీషే కదమ్మా."

"పుస్తకం మా దగ్గరే ఉండిపోయిందిగా, నేను చదివి చెప్తా, నువ్వు చెయ్యి."

అట్లా మొదలయింది, ఆదివారం ఆదివారం. పాలపొడి వెయ్యమంటే, మనకి గేదె పాలున్నాయిగా అన్నాను. అయితే నీళ్ళు తగ్గించు అన్నావు. మా బోరు నీళ్ళు ఉప్పు, కాలవ నీళ్ళు కాచి చల్లార్చి పోశాను. కాలవ కింద సాగుకని కర్ణాటక వచ్చి మనవాళ్ళు వేసుకున్న ఊళ్ళన్నిటినీ క్యాంపులనే అంటారు, మా క్యాంపులో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. మధ్యలో పోతే ఆ మిషన్ ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి పిండి కలుపుతుంది. తెల్లారి ఆరింటికి పెడితే పదింటిదాకా కరెంటు ఉంటుందని కనిపెట్టింది నేనే. ఈస్టు పొట్లాలు నువ్వు పోస్టులో పంపావు.

ఇంత చేసినా రొట్టె లేవలేదు. పాలు పోసే ఆవిడ కన్నడామె, దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఇదేనమ్మా, ఇట్టిగెనా?" అంది, ఇదేంటి ఇటికా అని. అవును, ఇటికే. ఆ మాట నీకు చెప్తే వెనకనించి మీ తమ్ముడు, చిన్నోడు, అరిచాడు.

"అమ్మమ్మా, ఇంకో ఇరవై చెయ్యి, దొడ్డి గోడ కట్టేద్దాం!"

"నువ్వొచ్చి తాపీ పట్టరా వెధవా," అన్నాను. ఆ రోజు ఎంత నవ్వామో.

తర్వాత నువ్వు వీడియో పెట్టించి, ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించమన్నావు. నేను కప్పుతో పిండి కొలుస్తున్నాను. "లాభం, రెండు, మూడు..."

"ఆగాగు, ఒకటి ఏది?"

కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనరు తల్లీ, లాభం అంటారు. మీ తాతయ్య అన్నేళ్ళూ అట్లాగే కొలిచారు, నా నోటికీ అదే వచ్చింది. ఆ లెక్క నీకు నచ్చింది. కానీ కప్పు మీద గుట్ట చూసి గోల చేశావు.

"అంతలా పోస్తే లేస్తుందా? చాకు తీసుకుని అంచుకి గియ్యి!"

గీశాను, నీకు చూపించాను కూడా. నువ్వు ఫోన్ పెట్టేశాక మూడు గుప్పెళ్ళు మళ్ళీ వేసేశాను. ఎందుకంటే ఏం చెప్పను? మా అత్తగారు గీసి కొలిచే చెయ్యి పిసినారి చెయ్యి అనేది. కూలివాళ్ళకి గింజలు కొలిచినా, పక్కింటికి చేబదులు పిండి ఇచ్చినా, గుట్టగా పోసి ఇంకో చారెడు పైన వెయ్యందే నా చెయ్యి వెనక్కి వచ్చేది కాదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది? అట్లా చలికాలం అంతా ఇటికలే తిన్నాను, పాలల్లో నానబెట్టుకుని.

ఉగాది నాడు పొద్దున్నే లేచాను. పచ్చడి ఒక్క గ్లాసుడు కలిపాను, అదీ మిగిలిపోయింది. ఏం తోచక మిషన్ తీశాను. ఎండలు ముదిరాయని కుండలోని చల్లటి నీళ్ళే పోశాను. ఈసారి చాకుతో నిజంగానే గీశాను. గీసిన పిండి డబ్బాలో పడుతుంటే ఎవరి నోటి దగ్గరిదో తీసేసినట్టు అనిపించింది. పదింటికి మూత తీస్తే రొట్టె మూతకి తగిలేదాకా లేచింది. పైన ఎర్రగా, నొక్కితే మళ్ళీ పైకి వస్తోంది. దాన్ని పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. వీధిలో ఎవరూ లేరు.

అప్పుడే నీ ఫోన్. "శుభాకాంక్షలు అమ్మమ్మా! ఇవాళ చేశావా? ఎట్లా వచ్చింది?"

రొట్టె ముక్క నా నోట్లోనే ఉంది. "ఇటికే," అన్నాను.

నువ్వు అరగంట మాట్లాడావు. ఈస్టు పాతదేమో, వెన్న ఎక్కువేమో, పుస్తకం అటూ ఇటూ తిప్పావు. బాగా వచ్చిందంటే నువ్వు ఏమనేదానివి? భలే అమ్మమ్మా అని పెట్టేసేదానివి. మరుసటి ఆదివారం అడగడానికి ఏముంటుంది?

అప్పట్నించి వారం వారం అబద్ధమే. ఒకసారి పుల్లగా వచ్చిందన్నాను, ఒకసారి నడుమ పచ్చిగా ఉందన్నాను. రొట్టె మాత్రం ప్రతిసారీ బాగానే వస్తోంది. నేను రెండు ముక్కలు తింటాను, తక్కినది పాలావిడ పిల్లలకి.

మొన్న ఆదివారం నీ గొంతు మారిపోయింది. "నాకే సరిగ్గా చెప్పడం రావట్లేదు అమ్మమ్మా. ఇంక వదిలెయ్, ఆ మిషన్ ఎవరికైనా ఇచ్చెయ్," అన్నావు. సరేనమ్మా అనేశాను. ఫోన్ పెట్టాక అన్నం సయించలేదు. తప్పు నాది, నింద నువ్వు మోస్తున్నావు.

అందుకే ఇది వాయిస్ మెసేజ్‌లో పెడుతున్నాను. ఎదురుగా అడిగితే మళ్ళీ అబద్ధమే వస్తుంది. నువ్వు చెప్పింది అంతా సరిగ్గానే చెప్పావు తల్లీ. రొట్టె ఉగాది నుంచీ లేస్తోంది. మిషన్ ఎవరికీ ఇవ్వలేదు.

ఆదివారం ఫోన్ చెయ్యి. తిన్నావా అంటే తిన్నానంటాను. మాటలు అయిపోతే అయిపోనీ, వెంటనే పెట్టెయ్యకు. నువ్వు నీ పని చేసుకో, చిన్నోణ్ణి గోల చెయ్యనీ. నేనిక్కడ పిండి గీసుకుంటూ వింటాను.