ఫోర్‌మన్ సెలవిస్తేనే సాక్ష్యం

1981లో నేను షార్జా దగ్గరి సజ్జాలో, గ్యాస్ పైపులైను వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో పర్సనెల్ క్లర్కుగా పనిచేసేవాణ్ణి. కార్మికుల వీసాలు, సెలవులు, హాజరు చూసే విభాగం మాది. ఇసుకలో ఒక రేకుల గది, అందులో రెండు టైపు మిషన్లు, ఎప్పుడూ నీళ్ళు కార్చే ఒక ఏసీ. హైదరాబాద్‌లో డిగ్రీ చదివినన్నాళ్ళూ డిబేట్ పోటీల్లో నెగ్గుతూ వచ్చినవాణ్ణి. ఎదుటివాడి వాదంలో పగులు ఎక్కడుందో చూపిస్తే న్యాయం దానంతట అదే గెలుస్తుందని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఒక్క కేసుతో పోయింది.

ఆ వేసవి చివర, పైపుల కోసం తవ్విన కందకం కూలి గంగారాం అనే కార్మికుడు చనిపోయాడు. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. లోతైన కందకంలోకి మనిషిని దించే ముందు రెండు వైపులా పలకలు నిలిపి, నడుమ అడ్డకర్రలు బిగించి, మట్టి కూలకుండా ఆపాలి. దాన్ని షోరింగ్ అంటారు. ఆ రోజు షోరింగ్ లేదు. ఎవరూ చెప్పకుండానే గంగారాం తనంతట తాను దిగాడని ఫోర్‌మన్ నివేదిక ఇచ్చాడు.

అది అబద్ధమని చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. గంగారాం ఊరివాడే, పోశెట్టి. మిగతావాళ్ళంతా లారీ దగ్గర పైపులు దించుతుంటే, అతను గట్టు మీద తాడు పట్టుకొని నిలబడ్డాడు. పలకలు వచ్చేదాకా దిగనని గంగారాం అనడం అతను విన్నాడు. “ఉతర్, నైతో ఖలాస్, ఘర్ జా” అని ఫోర్‌మన్ గద్దించడమూ విన్నాడు. దిగు, లేకుంటే ఇంటికి పో అని. గంగారాం దిగాడు.

నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యాడని ఫోర్‌మన్ మీద క్రిమినల్ కేసు నమోదైంది. పోశెట్టికి రావలసిన సమన్లు కంపెనీ చిరునామాకు, అంటే నా బల్ల మీదికి వచ్చాయి. అతన్ని పిలిపించి చదివి వినిపించాను. అతను జేబులోంచి ఒక క్యాసెట్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

“గంగారాం పెండ్లాం క్యాసెట్ల మాటలు నింపి పంపింది సార్. తన తప్పుతోనే సచ్చిండని కంపెనోళ్ళు అంటున్నరట, నిజమేనా అన్నా అని అడుగుతున్నది. నేనేం జవాబియ్యాలె?”

“కోర్టులో చెప్పు పోశెట్టన్నా. అదే జవాబు.”

“చెప్తా. మరి నా హాజరు?”

అతని భయానికి కారణముంది. సెలవు లేకుండా ఒక్క పూట మానినా పారిపోయినవాడి కింద లెక్క. వీసా రద్దవుతుంది. పాస్‌పోర్టు ఎలాగూ కంపెనీ దగ్గరే ఉంటుంది.

మా మేనేజర్ హార్లన్ అమెరికా మనిషి, మంచివాడు. ఆ వారమే ఆయనకూ స్వదేశం నుంచి ఒక కోర్టు పిలుపు వచ్చింది, జ్యూరీలో కూర్చోమని. మామూలు పౌరులను పన్నెండుమందిని కూర్చోబెట్టి, నిందితుడు దోషి అవునా కాదా తేల్చమనే పద్ధతి అది. నాకు సరదాగా వివరించారు. ఆ పనికి వెళ్ళిన ఉద్యోగిని యజమాని తీసేస్తే ఏమవుతుందని అడిగాను.

“మా రాష్ట్రంలో దానికొక బిల్లు తెచ్చారు. అలాంటి యజమానిని నేరస్థుడిగా శిక్షించాలని. వీగిపోయింది.”

“ఏ వాదంతో?”

“మంచి యజమానికి ఆ చట్టం అక్కర్లేదు, చెడ్డవాడు దానికి లొంగడు అన్నారు.”

ఆ లెక్కన దొంగతనం మీద కూడా చట్టం అక్కర్లేదు కదా అన్నాను. ఆయన నవ్వి, “నువ్వక్కడ ఉన్నా ఆ బిల్లు వీగిపోయేదే. వాదనలకు ఓటు ఉండదు” అన్నారు.

ఆ వీగిపోయిన బిల్లును నేను మా రేకుల గదిలో, మా కంపెనీ నియమంగా మళ్ళీ రాశాను. కోర్టు పిలిచిన కార్మికుడు ఆ రోజు పనిలో ఉన్నట్టే లెక్క, అతన్ని అడ్డగించిన అధికారి శిక్షకు పాత్రుడు. ఈ రెండే నియమాలు. హార్లన్ దిద్దకుండానే టెలెక్స్‌లో హెడ్డాఫీసుకు పంపారు. జవాబులో రెండో నియమం లేదు. మొదటిది ఇలా మారింది: కోర్టుకు వెళ్ళదలచినవాడు తన పై ఫోర్‌మన్ నుంచి సెలవు పొందాలి.

పోశెట్టి పై ఫోర్‌మన్ ఎవరు? కేసులో ముద్దాయి.

ఇద్దరం కలిసే వెళ్ళాం. ఫోర్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే “ఆవో వకీల్ సాబ్” అని నన్ను పలకరించాడు. సెలవు ఇస్తారా ఇవ్వరా అని అడిగాను. ఇవ్వనని తానెప్పుడన్నాడని, ఆలోచిస్తున్నానని చెప్పాడు. కాదంటే ఖండించవచ్చు, ఆలోచిస్తున్నవాణ్ణి ఎలా ఖండించేది? విచారణ రోజు వచ్చేదాకా అతను ఆలోచిస్తూనే ఉన్నాడు. హార్లన్‌తో చెబితే, హెడ్డాఫీసు మాటను తాను దాటలేనన్నారు.

ఇక్కడ క్యాంపుల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. తెల్లవారకముందే బస్సుల పక్కన ఫోర్‌మన్ ఒక్కొక్క కార్మికుడి నంబరు పిలిచి హాజరు వేస్తాడు. ఎవరైనా జ్వరంతో లేవలేకపోతే, అదే గదిలో ఉండేవాడు అతని నంబరుకు కూడా “హాజర్” అని పలుకుతాడు. ఎవరూ దాన్ని అబద్ధమనుకోరు. కప్పుకోను దుప్పటి ఇచ్చినట్టే.

విచారణ రోజు పోశెట్టి కూరగాయల వ్యాన్ ఎక్కి షార్జా కోర్టుకు వెళ్ళాడు. బస్సుల దగ్గర అతని నంబరు పిలిచినప్పుడు, అతని గదిలోనే ఉండే మల్లయ్య హాజరు పలికాడు. అది పోశెట్టి గొంతు కాదని ఫోర్‌మన్‌కు తెలుసు. ముద్దాయి కనుక ఆ పూట అతను కూడా కోర్టుకే వెళ్ళాలి. అయినా ఒక్క మాట అనకుండా పోశెట్టికి హాజరు వేసి కారెక్కాడు.

సాయంత్రం పోశెట్టి నా గదికి వచ్చాడు. అంత తేలికపడిన ముఖాన్ని నేను ఆ క్యాంపులో చూడలేదు.

“జడ్జి సాబ్ రెండుసార్లు అడిగిండు సార్. రెండుసార్లు గదే జెప్పిన. గంగారాం దిగలే, దింపిండ్రు.”

తరువాతి వాయిదాకు నన్ను సాక్షిగా పిలిచారు. హాజరు చూసేది మా విభాగమే కనుక. ఫోర్‌మన్ తరఫు వకీలు అరబ్బీలో అడిగాడు. దుబాసీ నాకు హిందీలో చెప్పాడు.

పోశెట్టి ఇక్కడ సాక్ష్యం చెప్పిన రోజు పనికి హాజరైనట్టు మీ రిజిస్టరులో ఉందా?

“ఉంది.”

నిజంగా పనిలో ఉన్నాడా?

“లేడు. ఈ కోర్టులో ఉన్నాడు.”

అయితే మీ క్యాంపులో, లేని మనిషి ఉన్నట్టు పలకడం జరుగుతుందా?

ఆ ప్రశ్న ఎటు పోతుందో నాకు వెంటనే అర్థమైంది. ఎదుటివాడి వాదం చివరిదాకా ముందే చూడగలగడం డిబేట్లు నాకు నేర్పిన విద్యే. ప్రమాణం చేసి నిలబడ్డాను. జరుగుతుందన్నాను. సెలవు ఎందుకు దొరకలేదో కూడా చెప్పబోయాను. అడిగిన దానికే జవాబివ్వాలని దుబాసీ వారించాడు.

అయితే గంగారాం చనిపోయిన రోజు కూడా పోశెట్టి గట్టు మీద ఉన్నాడో, అతని పేరున ఇంకెవరైనా పలికారో ఎలా చెప్పగలరు?

చెప్పలేకపోయాను. అప్పుడు నేను అక్కడ లేను.

పోశెట్టి సాక్ష్యం అనుమానాస్పదమని ఫోర్‌మన్‌ను విడిచిపెట్టారు. గంగారాం తనంతట తాను దిగాడన్న మాటే మిగిలింది. దొంగ హాజరు నేరానికి కంపెనీ పోశెట్టి, మల్లయ్యల వీసాలు రద్దు చేసింది. ఆ కాగితాలు నేనే టైపు చేశాను. హార్లన్ సంతకం పెట్టి, తాను రాసిన ఒక్క ఉత్తరంతో అక్కడి కోర్టు తన జ్యూరీ పిలుపును మాఫీ చేసిందని, ఏమీ తోచక కాబోలు, నాతో అన్నారు.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే వ్యాన్ మా గది ముందే ఆగింది. మల్లయ్య ముఖం తిప్పుకొని కూర్చున్నాడు. పోశెట్టి దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వు అబద్ధమాడలే సార్. నేనూ ఆడలే. మల్లయ్య నాకోసమే పలికిండు. మరి గంగారాం పెండ్లాంకు నేను పోయి ఏం జెప్పాలె?”

డ్రైవర్ హారన్ కొట్టాడు, పోశెట్టి వెళ్ళి వ్యాన్ ఎక్కాడు. ఆ కేసు నాకు నేర్పినది ఇంతే: నిజం చెప్పమని పిలిస్తే సరిపోదు, చెప్పడానికి వెళ్ళే మనిషికి ఒక పగటి పూటను చట్టం ఇవ్వాలి. చట్టం ఇవ్వని ఆ పూటను మల్లయ్య ఒక్క మాటతో ఇచ్చాడు. కోర్టు ఆ మాటనే పట్టుకొని, నిజాన్ని కూడా నమ్మలేదు.