రాణి గుర్తుపట్టిన మనిషి

లోవలక్ష్మి నా చేత దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చిన రోజున, మొగుడి పేరు రాసే చోట నా కలం ఆగిపోయింది. "భర్త త్రిమూర్తులు అని రాయనా? కీర్తిశేషులు అని కలపనా?" అని అడిగాను. ఆమె కాసేపు గచ్చు మీద వేలితో గీతలు గీసి, "రాణి కాగితంలో ఎలా రాశారండి?" అంది.

మాది మొగల్తూరు నుంచి సముద్రం వైపు వస్తే ఆఖర్న తగిలే పల్లెపాలెం. నేను అక్కడ అంగన్‌వాడీ టీచరుని. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం కావాలన్నా రాసిపెట్టేది నేనే. ఆమె పక్కింటి రాణి కాగితం కూడా ఏడేళ్ళ కిందట నేనే రాశాను. అందులో భర్త కీర్తిశేషులు అచ్చిబాబు అని ఉంటుంది. ఆ సంగతి చెప్పాను. లోవలక్ష్మి మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది.

"దానికి అన్నీ ముందే అయిపోతాయండి," అంది.

వాళ్ళిద్దరివీ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. లోవలక్ష్మి పెద్దది. రాణి కొత్తకోడలిగా వచ్చినప్పుడు నెత్తళ్ళ చేపలు ఎండబెట్టడం, గాలి మారితే ముందే ఎత్తి కప్పెయ్యడం, సంతలో గంప ఎక్కడ దించితే బేరం తగులుతుందో, అన్నీ నేర్పింది లోవలక్ష్మే. మొగుళ్ళిద్దరూ స్నేహితులు. ఒకే ఫైబర్ బోటు మీద వేటకెళ్ళేవాళ్ళు. ఒకరు ఇంజను చూస్తే ఒకరు వల చూసేవాళ్ళు.

ఏడేళ్ళ కిందట డిసెంబరులో తుఫాను హెచ్చరిక వచ్చేటప్పటికే వాళ్ళు లోపలికి వెళ్ళిపోయి ఉన్నారు. మిగతా బోట్లు ఆ సాయంత్రానికి ఒడ్డుకొచ్చాయి. వాళ్ళది రాలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే దుప్పటి కప్పుకుని మూడు రోజులు ఒడ్డున కూర్చున్నారు. ఒకరు లేస్తే రెండోవాళ్ళు కూర్చునేవాళ్ళు. నాలుగో రోజు బోటు ముక్క దొరికింది. ఎనిమిదో రోజు పొద్దున్న, గోదావరి అవతల అంతర్వేది వైపు ఒక శవం కొట్టుకొచ్చిందని ఫోనొచ్చింది. ఒకటే శవం.

రాణి తమ్ముడికి మోటారు సైకిలుంది. వాళ్ళు నరసాపురం రేవులో ముందు పంటు మీద గోదావరి దాటేశారు. లోవలక్ష్మి ఆటోలో రేవుకి చేరేటప్పటికి ఆ పంటు మధ్యకి వెళ్ళిపోయింది. తరవాతి దాని కోసం అరగంట నిలబడాల్సి వచ్చింది. అవతలికి వెళ్ళేసరికి, రేవు ఒడ్డుకి తెచ్చిన శవం మీద కప్పిన టార్పాలిను పక్కన కూర్చుని రాణి తల బాదుకుంటోంది. పోలీసులు కాగితాలు రాసేస్తున్నారు. లోవలక్ష్మి దగ్గరికి వెళ్ళబోతే ఒక కానిస్టేబులు అడ్డొచ్చి, "మీ మనిషి కాదమ్మా, ఆవిడ గుర్తుపట్టేశారు. మొహం చూడకండి, చూడలేరు," అన్నాడు. టార్పాలిను అంచు కింద ఒక పాదం మాత్రం కనిపించింది.

"నిజం చెప్పాలంటే అప్పుడు నాకు గుండెల మీద బరువు దిగిపోయినట్టుందండి," అని తరవాత నాతో చెప్పింది. "నాది కాదు, నాది కాదు అనుకుంటూ ఇంటికొచ్చాను. మా అత్త కాళ్ళ మీద పడి, మీ అబ్బాయి కాదత్తా అని ఏడ్చాను."

ఆ తేలిక రెండు రోజులే ఉంది. పదో రోజున రాణి చేతి గాజులు తీయించడానికి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. లోవలక్ష్మి కూడా వెళ్ళింది. గుమ్మంలోనే శ్యామలాంబ అనే పెద్దావిడ చెయ్యడ్డం పెట్టి, "నువ్వు చూడకూడదే, ముత్తైదువ్వి. వెనక్కెళ్ళు," అంది. లోవలక్ష్మి తన ఇంట్లోకొచ్చి గోడకి చెవి పెట్టుకుని కూర్చుంది. అవతల పదిమంది రాణిని పట్టుకుని ఏడుస్తున్నారు. ఇవతల ఈమె దగ్గర ఎవరూ లేరు. అప్పుడు మొదలైంది కుళ్ళు.

ఆ మాట ఆమే వాడింది. నేను దుఃఖం అనబోతే ఒప్పుకోలేదు. "కాదండి, కుళ్ళే. దానికి శవం దొరికింది, నాకు దొరకలేదు. అంతే."

ఆ కుళ్ళుకి ఊరు రోజూ ఏదో ఒకటి మేత వేసేది. అచ్చిబాబు ఫొటో స్టూడియోలో తీయించింది. నీలం తెర ముందు నవ్వుతూ ఉంటాడు. దానికి రాణి దండ వేసి గోడకి తగిలించింది. త్రిమూర్తులు ఫొటో ఓటరు కార్డులోది ఒక్కటే. దాన్ని పెద్దది చేయిస్తే కళ్ళు సగం మూసుకున్న మనిషెవరో వచ్చాడు. దానికి దండ వెయ్యడానికీ లేదు, వెయ్యకుండా ఉంచడానికీ లేదు. అది బియ్యం డబ్బా వెనక ఉండిపోయింది. పేరంటాలకి లోవలక్ష్మిని పిలిచేవాళ్ళు కాదు. పిలవకపోవడం బాగోదనుకున్నవాళ్ళు పిలిచి, తాంబూలం ఇచ్చే చోటికి వచ్చేసరికి పక్కావిడకి ఇచ్చి ఆగిపోయేవాళ్ళు. రాణిని అసలు పిలవరు. అదే నయమనిపించేది లోవలక్ష్మికి. "దాని సంగతి ఊరికి తెలుసండి. నన్ను చూస్తేనే ఏం చెయ్యాలో తెలీదు."

ఇంట్లో అత్త పాపాయమ్మ కొడుకు పోయాడన్న మాట నోట రానివ్వలేదు. గాలికి కొట్టుకుపోయి ఏ పరాయి దేశం ఒడ్డునో పట్టుబడ్డాడని, జైలు నుంచి వదిలేస్తారని ఆవిడ నమ్మకం. రోజూ కొడుక్కి ముద్ద తీసిపెట్టేది. కోడలి నుదుటి మీద బొట్టు చిన్నదైతే ఊరుకునేది కాదు.

ప్రతి మార్గశిరంలోనూ రాణి మొగుడికి దినం పెట్టేది. అచ్చిబాబు తమ్ముడు పిండం పెట్టేవాడు. గారెల వాసన గోడ దాటి వచ్చేది. రాణి స్వయంగా వచ్చి, "వదినా, భోజనానికి రా," అని పిలిచేది. లోవలక్ష్మి వెళ్ళి, పప్పులో ఉప్పు తక్కువైందనో, గారె గట్టిగా ఉందనో ఏదో ఒక వంక పెట్టి వచ్చేది. ఆరేళ్ళూ అలాగే జరిగింది.

ఏడేళ్ళు నిండితే మనిషి పోయినట్టు కాగితం అడగొచ్చని ఎమ్మార్వో ఆఫీసులో ఎవరో చెప్పారట. కూతురు లక్ష్మీదుర్గ ఇంటర్ చదువుతోంది. కాలేజీలో ప్రతిసారీ తండ్రి సంతకం అడుగుతున్నారని ఆ పిల్లే తల్లిని నా దగ్గరికి పంపింది. దరఖాస్తుకి అప్పటి పోలీసు కాగితాల నకళ్ళు కావాలన్నారు. తెచ్చుకున్నారు. ఒక మధ్యాహ్నం నేను వాటిని పైకి చదువుతున్నాను. దొరికిన శవం గురించి రాసిన చోట, నడుముకి నల్లదారం, రాగి తాయెత్తు, వాటిని బట్టి భార్య గుర్తించినది అని ఉంది. గబగబా చదువుకుంటూ ముందుకి వెళ్ళిపోయాను.

"ఆగండి టీచరుగారూ. మళ్ళీ చదవండి."

చదివాను.

"ఆ తాయెత్తు మా ఆయనకీ ఉందండి. ఇద్దరూ అంతర్వేది తీర్థంలో ఒకే చోట కట్టించుకున్నారు."

ఆ మాట అని లేచి వెళ్ళిపోయింది. నేను సెంటరుకి తాళం పెట్టి వెనకే పరుగెత్తాను. పైకి చదవకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ అనుకుంటాను.

రాణి సిమెంటు గచ్చు మీద చేపలు తిరగేస్తోంది. లోవలక్ష్మి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఏం చూసి మీ ఆయనన్నావే ఆ రోజు?"

రాణి తలెత్తింది. ఏ రోజని అడగలేదు. "తాయెత్తు చూసి," అంది.

"మా ఆయనకి లేదా తాయెత్తు?"

"ఉంది."

"మరి?"

రాణి చేతిలో చేప గచ్చు మీద పెట్టి, కొంగుకి చెయ్యి తుడుచుకుంది. "కాళ్ళు చూశాను వదినా. ఉబ్బిపోయి ఉన్నాయి. ఎవరివైనా అలాగే ఉంటాయి. జుట్టు చూశాను. అదీ అంతే. మీ ఆయనేనా అమ్మా అని అడుగుతున్నారు. నాకు తెలీలేదు. రేవు వైపు చూస్తే, రెండో పంటు మీద నువ్వు వచ్చేస్తున్నావు."

"అయితే?"

"నువ్వొస్తే నీదంటావని భయమేసింది. నాదేనండి అనేశాను."

లోవలక్ష్మి చెంప మీద కొట్టింది. ఒకటే దెబ్బ, కానీ గట్టిగా తగిలింది. గచ్చు మీదున్న ఆడవాళ్ళు లేచి వచ్చారు. రాణి చెంప తడుముకోలేదు, వెనక్కి తగ్గలేదు కూడా.

"కొట్టు," అంది. "ఏడేళ్ళ నించీ దండ వేస్తున్నాను. వేసినప్పుడల్లా నిన్ను తలుచుకుంటున్నాను. నువ్వు బొట్టు పెట్టుకుని బయటికొస్తే, దీని మొగుడు ఇంకా వస్తాడేమో, నా మొగుడి మీద ఆశ నేనే తగలబెట్టేశానేమో అని చచ్చిపోతున్నాను. నాకు లేదనుకున్నావా కుళ్ళు?"

లోవలక్ష్మి వెనక్కి తిరిగింది. ఇంటికి వెళ్ళి రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు నన్ను తీసుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళింది. అక్కడున్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఇంటివాళ్ళు గుర్తుపట్టాక అప్పట్లో రక్తం, ఎముక ఏదీ తీసి ఉంచలేదని, దహనం అయిపోయింది కాబట్టి ఇప్పుడు తేల్చేందుకు ఏమీ లేదని చెప్పాడు. వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది నన్ను: "ఆ కాలింది మా ఆయనే అనడానికి సగం ఛాన్సు ఉన్నట్టేగా అండి?" అవునన్నాను.

ఆ మార్గశిరంలో రాణి పిలవడానికి రాలేదు. లోవలక్ష్మే కూతుర్ని వెంటబెట్టుకుని, కొత్త చాటలో బియ్యం, కూరగాయలు పట్టుకుని వెళ్ళింది. నన్ను కూడా రమ్మంది. పెరట్లో పంతులుగారు దర్భలు సర్దుకుంటున్నారు. రాణి పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ చాట రాణి అందుకుంది.

పంతులుగారు అచ్చిబాబు పేరు, గోత్రం చెప్పబోతుంటే, "ఇంకో పేరు కూడా చెప్పండి," అంది రాణి. "త్రిమూర్తులు."

"పిండం ఎవరు పెడతారమ్మా రెండో ఆయనకి?"

"నేను పెడతానండి," అంది లక్ష్మీదుర్గ.

పంతులుగారు ఆ పిల్లనీ, తల్లినీ చూసి, "కూర్చో తల్లీ, కుడి చెయ్యి చాపు," అన్నారు.

రెండు ముద్దలు పక్కపక్కనే పెట్టారు. రాణి స్తంభానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. లోవలక్ష్మికి కన్నీళ్ళు రాలేదు. నా పక్కన నిలబడి, "చూశారా, దానికి ఏడుపు ఎంత తేలిగ్గా వస్తుందో," అంది. ఆ గొంతులో పాత కుళ్ళు అలాగే ఉంది. కానీ ఆ రోజు గారెలకి వంక పెట్టలేదు. ఆరు తింది.

ఆ తరవాత రెండు విస్తళ్ళలో అన్నం సర్దుకుని అత్తకి తీసుకెళ్ళింది. పాపాయమ్మకి చూపు తగ్గింది గానీ గారెల వాసన తెలుస్తుంది.

"ఎవరి దినమే?" అని అడిగింది.

"అచ్చిబాబుదత్తా."

"పాపం రాణి," అంది ముసలావిడ. ఒక విస్తరి ముందుకు లాక్కుని, రెండోది మూత పెట్టమంది. "వాడొస్తే తింటాడు."

లోవలక్ష్మి మూత పెట్టింది. బయటికొచ్చి గుమ్మంలో నాతో, "రాణి ఒక్కత్తే కాదండి. మా అత్తంటే కూడా కుళ్ళే నాకు. ఆవిడ కొడుకు ఇంకా దారిలో ఉన్నాడు," అంది.

కాగితం ఇంకా రాలేదు. రెండుసార్లు ఆఫీసుకి వెళ్ళొచ్చాం. దరఖాస్తులో త్రిమూర్తులు పేరు ముందు ఏమీ కలపకుండానే రాశాను. ఆమె అలాగే ఉండనివ్వమంది. ఆ దినం నాడు మాత్రం, గిన్నెలు చాలా ఉన్నాయని రాణి గోడ అవతల నుంచి కేకేస్తే, కొంగు బిగించుకుని తోమడానికి వెళ్ళింది.