గేలెన్ కొలిచిన టైరు

గేలెన్ రోస్టాడ్‌కు నోట్లో నాలుక లేదు, టైర్ల సంగతి వస్తే తప్ప. మోంటానాలో బతుకంతా బీట్‌దుంపల లారీ తోలాడు. పెళ్లాం ఎందుకు వదిలిపోయిందో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. రిటైరయ్యాక ఇల్లూ బండీ ఒకటే అయిన పాత మోటర్‌హోమ్ ఒకటి కొనుక్కుని, కీళ్లనొప్పులకు మంచిదని ఓ చలికాలం మా క్వార్ట్‌సైట్ ఎడారిలో దిగాడు. వేసవికి అందరూ వెళ్లిపోయినా అతను కదిలేవాడు కాదు. వెళ్లడానికి చోటు లేకనే ఉంటున్నాడని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. చలికాలం గడపడానికి ఇలాంటి బండ్లలో వచ్చేవాళ్లు ఆగే ఈ మైదానం బాగోగులు చూసేదాన్ని నేను. ఎవరి బండి ఎక్కడ ఆగాలో చెప్పడం, నీళ్ల కుళాయి దగ్గర తగవులు తీర్చడం నా పని. ఊరందరి గుట్టూ తెలుసని గొప్పలు పోయేదాన్ని, ఇది మాత్రం కనిపెట్టలేకపోయాను.

శనివారాలు తలా ఒకటి వండుకొచ్చి అందరం కలిసి తినేవాళ్లం. గేలెన్ డబ్బా చిక్కుళ్లు వేడిచేసి తెచ్చేవాడు. బల్ల చివర కూర్చుని తినేసి, గిన్నె కడుక్కుని పోయేవాడు. ఎవరైనా పలకరిస్తే, వెనక జంట చక్రాల్లో లోపలి టైరుకు గాలి చూసుకున్నారా అని అడిగేవాడు. అతనికి తెలిసిన కుశలప్రశ్న అదొక్కటే. జనం చాటుగా నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఓ చలికాలం ఐడహో నుంచి తన మోటర్‌హోమ్‌లో కార్లిస్ హేనీ వచ్చింది. ఒంటరి మనిషి, అరవై దాటిన వయసు. మొదటి శనివారమే గేలెన్ ఆమెనూ అదే అడిగాడు. చూసుకోలేదనీ, ఎలా చూడాలో చెప్పమనీ అంది. అతన్ని ఆ మాట ఎవరూ అడగలేదు అంతవరకు. తిండి సగంలో వదిలేసి వెళ్లి ఆమె బండి కింద వెల్లకిలా పడుకుని, చీకటిపడేదాకా వివరిస్తూనే ఉన్నాడు. ఆ మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆమె బండి పందిరి కింద ఇద్దరూ పేకాట. ఎంత కలిసినా "మీరు" అంటే "మీరు" అనుకునేవాళ్లు. మేం ఆటపట్టిస్తే అతని చెవులు ఎర్రబడేవి. అతని నవ్వు నేను మొదటిసారి విన్నది ఆ పందిరి కిందే.

ఏప్రిల్ వచ్చింది. ఒక్కొక్క బండీ ఉత్తరానికి కదిలింది. కార్లిస్‌కు ఐడహోలో అడవిశాఖ వాళ్ల విడిది చూసే వేసవి పని ఉంది. బయల్దేరదామని బండి తిప్పుతుంటే పదునైన రాయి తగిలి వెనక బయటి టైరు చీలిపోయింది. లోపలిది బాగానే ఉంది, సగం అరిగింది. అదే తిరకాసు. పక్కపక్కన ఉండే రెండు టైర్లూ ఒకే కొలత ఉండాలి. ఒకటి కాస్త పెద్దదైతే బరువంతా దానిమీదే పడుతుంది, చిన్నది ఈడ్చుకుపోతుంది, చివరికి రెండూ పోతాయి. అరిగినదాని పక్కన కొత్తది వేయడం కుదరదు.

గేలెన్ దగ్గర స్టెప్నీ ఉంది. అదే కంపెనీ, అదే సైజు, అదీ సగం అరిగిందే. రెండింటికీ సమానంగా గాలి పట్టి, చుట్టూ టేపు పెట్టి కొలిచాడు. టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. రెండు కొలతలూ కలిశాయి, వెంట్రుకవాసి తేడా లేదు. గేలెన్ టేపు చుట్టేసి, ఎటో చూస్తూ చెప్పాడు.

"అంగుళం పైనే తేడా ఉంది. ఇవి జత కావు. ఫీనిక్స్ నుంచి కొత్తవి రెండు తెప్పించుకోవాలి. రెండు వారాలు పడుతుంది."

కార్లిస్ అతని మొహంలోకి కాసేపు చూసి, అలాగే కానివ్వండి అంది. నాకు ఒళ్లు మండింది. అబద్ధం తెలియనివాడు అబద్ధమాడితే పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే ఉంటుంది. కానీ పందిరి కింద ఆ రెండు కుర్చీలు చూసి నోరు మూసుకున్నాను.

వారం తిరిగేసరికి ఎండ నూరు డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. ఓ మధ్యాహ్నం పేకముక్కలు పంచుతూ కార్లిస్ కళ్లు తిరిగి కుర్చీలో ఒరిగిపోయింది. తడిగుడ్డలు వేసి, మంచినీళ్లు తాగించి లోపల పడుకోబెట్టాం. బయటికొచ్చాక ఇక నేను ఊరుకోలేదు.

"ఏం నాయనా, ఆవిడ ఎండకు పోతే నీ టేపు లేపి కూర్చోబెడుతుందా? ఉండమని అడగడానికి నోరు లేదా నీకు? అడగనిదే అమ్మయినా పెట్టదు."

గేలెన్ నేలచూపులు చూశాడు. "అడిగితే కాదంటుంది, నెడ్రా. అప్పుడు ఈ రెండు వారాలూ ఉండవు."

మర్నాడు తెల్లారగానే స్టెప్నీ దొర్లించుకుంటూ ఆమె బండి దగ్గరికి వెళ్లాడు, వెనకే నేనూ వెళ్లాను. కార్లిస్ తేరుకుని మెట్లమీద కాఫీ తాగుతోంది. తాను తప్పు చెప్పాననీ, రెండూ సరిగ్గా సరిపోతాయనీ చెప్పి, ఆమె బదులివ్వకముందే జాకీ పెట్టి బండి ఎత్తడం మొదలుపెట్టాడు. అతను నట్లన్నీ బిగించి పానా చేత్తో లేచాక అప్పుడు ఆమె అంది.

"ఆ రోజు సాయంత్రమే నేనూ తాడు పెట్టి కొలిచాను. కొత్తవి ఆర్డరే పెట్టలేదు."

గేలెన్ పానా వంక చూస్తూ నిలబడ్డాడు.

"మీరు అడుగుతారేమోనని ఉన్నాను," అంది కార్లిస్.

గేలెన్ వంగి, బిగించిన నట్టును మళ్లీ ఒకసారి తడిమి చెప్పాడు.

"యాభై మైళ్లు పోయాక నట్లు ఒకసారి మళ్లీ బిగించుకోవాలి. వదులైతే ప్రమాదం."

ఆమె తల ఊపింది. చేయి చాపితే, గ్రీజు అంటుతుందని అతను మోచేయి అందించాడు. ఆమె మోచేయే పట్టుకుని ఊపి, బండెక్కి వెళ్లిపోయింది.

అతన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. మొహం చూసి మానుకున్నాను. పగలంతా తన బండిలో డ్రైవర్ సీట్లో, తాళాలు చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజను స్టార్ట్ చేయలేదు. పొద్దువాలుతుంటే నా దగ్గరికి వచ్చాడు.

"యాభై మైళ్ల దగ్గర ఆగి ఉంటుందంటావా?"

"ఆగే ఉంటుంది, గేలెన్. ఆగి, ఎప్పుడో బిగించుకుని వెళ్లిపోయి ఉంటుంది," అన్నాను.