ఆది లేని కుక్కపిల్ల

మా బావ మనుషుల మొహం చూడడు, భుజాలు చూస్తాడు. నాకు ల్యాబులో ఉద్యోగం వచ్చిందని ఎగురుకుంటూ చెప్పడానికి వెళితే, నన్ను ఎగాదిగా చూసి, "నీ ఎడమ చెయ్యి కొంచెం పొట్టి అమ్మాయ్, ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. ఆ రోజు నుంచీ అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా నా కళ్ళు ఆ చేతి మీదికే పోతాయి. అది నిజంగానే పొట్టి. అందుకే నాకు మరీ ఒళ్ళు మంట.

బావ టైలరు. అద్దెకున్న ఇంట్లో ముందు గది షాపు, వెనక గదులు కాపురం. స్కూలు యూనిఫాంలు కుట్టడంలో అతన్ని కొట్టేవాడు మా పేటలో లేడు. కారణం కుట్టు కాదు, లోపల మడిచి వదిలే గుడ్డ. పిల్ల పెరిగిన కొద్దీ ఒక్కో కుట్టూ విప్పుకుంటూ పోవడమే. ఒకటో తరగతిలో కుట్టించిన గౌను అయిదో తరగతి దాకా లాగించిన తల్లులు ఉన్నారు. గౌను అంచున పాత కుట్ల గీతలు చూసి పిల్ల వయసు చెప్పేయొచ్చు.

ఇంకో పట్టుదల ఉంది అతనికి. నోటితో కొలతలు చెబితే నమ్మడు, ఆది తెమ్మంటాడు. ఆది అంటే ఒంటికి సరిగ్గా సరిపోయిన పాత చొక్కా. దాన్ని బల్ల మీద పరిచి, దాన్ని బట్టి కొత్తది కత్తిరిస్తాడు. "టేపు పెట్టగానే మనుషులు పొట్ట లోపలికి లాక్కుంటారు. చొక్కా లాక్కోదు కదా" అంటాడు. ఆది లేకుండా వచ్చినవాణ్ణి, ఎంత పెద్ద మనిషైనా సరే, గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాడు. ఇంత జాగ్రత్త గల మనిషి కుక్కపిల్లని ఎలా కొన్నాడో చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

బావకి చిన్నప్పటి నుంచీ కుక్క కావాలి. వాళ్ళ నాన్న కూడా టైలరే. బట్టలకి బొచ్చు అంటుకుంటుందని ఆయన కుక్కని గడప తొక్కనివ్వలేదు. పెళ్ళయ్యాక ఆ కాపలా మా అక్క తీసుకుంది. నలభై దాటిన మనిషి, దారిన పోయే ప్రతి కుక్క దగ్గరా ఆగి, వీపు మీద చెయ్యి వేసి, ఛాతీ ఎంతుంటుందో గొణుక్కుంటూ నిలబడేవాడు. నాకే జాలేసేది. చివరికి అక్క మెత్తబడి, "సరే, తెచ్చుకోండి. బొచ్చు ఊడ్చేది మాత్రం మీరే" అంది. బావ వెళ్ళి మిషన్‌కి నూనె వేశాడు. పట్టలేనంత సంతోషం వస్తే అతను చేసే పని అదొక్కటే.

అక్క ఒప్పుకుంటే సరిపోదు, ఇల్లు అద్దెకిచ్చిన ఆవిడ ఒప్పుకోవాలి. ఆవిడ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పేటంతా హెడ్మాస్టరమ్మ అనే అంటారు. అదే ప్రహరీ లోపల, పక్క వాటాలో ఉంటారు. ఆవిడకి దొర అని ఒక షెపర్డ్ కుక్క. దాని వంశం గురించి ఆవిడ మొదలుపెడితే టీ చల్లారిపోవాల్సిందే. ఏడు తరాలుగా కల్తీ లేని రక్తమట. దొర గేటు దాటడట, వీధి కుక్కల వంక కన్నెత్తి కూడా చూడడట.

"కుక్కని పెంచుకో, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు ఆవిడ బావతో. "కానీ మోకాలు దాటకూడదు. పెద్ద కుక్క కనిపిస్తే మా దొరకి చిరాకు. దాటిందో, కుక్కా నువ్వూ కలిసి ఇల్లు ఖాళీ చెయ్యాలి. తర్వాత నన్నేం అనొద్దు."

దొర సంగతి బావకి అప్పటికే బాగా తెలుసు. అంతకుముందు చలికాలంలో ఆవిడ దొరకి కోటు కుట్టమన్నారు. దొర ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి ఉంటుంది. బావ దానికి తగ్గట్టే ఒక వైపు దించి కత్తిరించాడు. ఆవిడ కోటు చూసి మండిపడ్డారు. "మా దొర భుజం వంకరా? ఏడు తరాల్లో ఎవరికైనా వంకరుందా? నీ కత్తెరే వంకర!" అని కోటు బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు. అది అప్పటి నుంచీ షాపులో కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

రెండు వీధుల అవతల సైకిల్ షాపులో కుక్కపిల్లలు అమ్మకానికి ఉన్నాయని తెలిసి బావ నన్ను కూడా లాక్కుపోయాడు. నేను రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను కదా, ఒక్క చుక్క తీసి ఏ జాతిలో ఏ జాతి కలిసిందో చెప్పేస్తానని అతని ఆశ. మా ల్యాబులో షుగరు ఎంతుందో చెబుతాం గానీ తండ్రి ఎవరో చెప్పమని మొత్తుకున్నాను. వింటేగా!

పిల్లలన్నీ ఒక పాత టైరులో కుప్పగా పడుకుని ఉన్నాయి. తల్లి తెల్లగా, బొచ్చుగా ఉంది. పామరేనియన్ అన్నాడు సైకిల్ షాపు ఆసామి. పామరేనియన్ కన్నా జానెడు ఎత్తు ఎక్కువే ఉందని నాకనిపించింది.

బావ మెళ్ళో టేపు తీసి తల్లిని అన్ని వైపులా కొలిచాడు. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని, "తండ్రిని చూపించండి" అన్నాడు.

"తండ్రి కూడా ఇదే జాతండీ. మా బావమరిది వాళ్ళది."

"అలా నోటితో చెబితే కాదు. ఆది చూడకుండా నేను గుడ్డ ముట్టుకోను. ఎక్కడుంది?"

ఆసామి నీళ్ళు నమిలాడు. "ఊరెళ్ళాడండీ."

"ఎవరు, మీ బావమరిదా?"

"కుక్కండీ."

అక్కడితో వెనక్కి తిరిగి రావాల్సింది. ఆది లేనివాణ్ణి గుమ్మంలోంచే పంపేసే మనిషికి ఆ మాత్రం తెలియదా? కానీ అప్పటికే ఒక తెల్ల పిల్ల టైరులోంచి దొర్లుకుంటూ వచ్చి అతని చెప్పు నాకింది. మా బావ బుట్టలో పడిపోయాడు. ఇక తను పడ్డందుకు ఒక శాస్త్రం కావాలి కాబట్టి అప్పటికప్పుడు తయారు చేశాడు. ఒక్కో పిల్ల వీపు మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగాడు.

"ఇది చూడు, ఎంత వదులో. లోపల బోలెడు గుడ్డ వదిలారు. రేపు విప్పితే గుర్రమవుతుంది, వద్దు. ఇదీ అంతే." చివరికి చెప్పు నాకిన దాన్ని ఎత్తాడు. "ఇది చూశావా? ఎక్కడా వదులు లేదు, డోలులా బిగిసింది. దీనికి పెరగడానికి గుడ్డే లేదు అమ్మాయ్. రెడీమేడ్!"

"బావా, అది ఇప్పుడే గిన్నెడు పాలు తాగింది. చూడు, మూతికి ఇంకా పాలే. పొట్ట నిండి బిగిసింది, అంతే. ఆ పాదాలు చూడు, ఎంతెంత ఉన్నాయో!"

"పాదాల సంగతి చెప్పులు కుట్టేవాడు చూసుకుంటాడు. మనకెందుకు?"

దానికి గుండీ అని పేరు పెట్టాడు. చిన్నగా, గుండ్రంగా ఉంది కాబట్టి. తెల్లారేసరికి తాగిన పాలు అరిగాయి. గుండీ చర్మం వీపు మీంచి జారి మెడ దగ్గర మడతలు పడింది. అక్క చూసి, "ఏవండీ, మీ రెడీమేడు వదులైనట్టుందే" అంది. బావ విననట్టు సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ఆ తర్వాత గుండీ పెరిగిన తీరు నేనేం చెప్పను! వారం వారం కుట్లు విప్పుతున్నట్టే పెరిగింది. చెవులు లేచి నిలబడ్డాయి, తోక చీపురైంది. బావ రోజూ టేపు పెట్టి కొలిచేవాడు. మొదట్లో "అదంతా బొచ్చే, నొక్కి కొలవాలి" అన్నాడు. తర్వాత టేపు సాగిపోయిందని కొత్త టేపు కొన్నాడు. కొత్త టేపు కూడా అదే మాట చెప్పేసరికి కొలవడం మానేశాడు.

మోకాలు దాటాక దొంగాట మొదలైంది. హెడ్మాస్టరమ్మ చేతికర్ర వాకిట్లో టకటకమంటే చాలు, బావ "కింద!" అనేవాడు. గుండీ నేలకి కరుచుకుని, పొట్ట మీద పాక్కుంటూ కత్తిరింపు బల్ల కిందికి దూరేవాడు. కొన్నాళ్ళకి బావ చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. కర్ర చప్పుడైతే వాడే పాకేవాడు. ఒకసారి ఎవరో గొడుగు టకటకలాడిస్తూ వస్తే వీధిలోంచి ఇంటిదాకా పాక్కుంటూ వచ్చాడు పాపం. నేను నవ్వలేక చచ్చాను.

ఇలాంటి పప్పులు ఎంతకాలం ఉడుకుతాయి? ఒకరోజు ఆవిడ దిండు గలీబులు కుట్టించుకోవడానికి వచ్చి కబుర్లలో పడ్డారు. బల్ల కింద గుండీకి తుమ్ము వచ్చింది. తుమ్మి, లేచి నిలబడ్డాడు. వాడితో పాటు బల్ల కూడా లేచింది. పరిచిన గుడ్డ, సుద్దముక్క, కత్తెర, ఆవిడ కళ్ళజోడు అన్నీ ఒక పక్కకి జారి నేల మీద పడ్డాయి. ఆ వాలిన బల్ల కింది నుంచి ఒక పెద్ద తెల్ల తల బయటికి వచ్చి, ఆవిడ చెయ్యి నాకింది.

"ఆదివారం లోపల కుక్కన్నా వెళ్ళాలి, మీరన్నా వెళ్ళాలి" అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు.

ఇల్లు వదిలితే షాపు పోతుంది. ఇన్నేళ్ళ గిరాకీ ఆ గుమ్మం చూసి వచ్చేదే. బావకి అది తెలుసు, అక్క చెప్పనక్కర్లేదు. బొచ్చు ఊడ్చేది మీరే అన్న మనిషి, మర్నాడు చీపురు తానే తీసుకుని ఊడ్చింది. బావ ఆ వారం ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. భోజనానికి కూర్చుని కంచం వంక చూసి లేచిపోయేవాడు. నాకు ఏడుపొచ్చింది. నలభై ఏళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్నాడు, ఒక్క ఏడాది కూడా దక్కలేదు. చివరికి మా ల్యాబు వాచ్‌మన్ పెంచుకుంటానంటే నేనే ఆ కబురు మోసుకొచ్చాను. అంతకన్నా పాడు కబురు నేనెప్పుడూ మొయ్యలేదు.

ఆదివారం పొద్దున చలిగా ఉంది. గుండీని తీసుకుపోవడానికి నేను గొలుసు పట్టుకుని నిలబడ్డాను.

"ఉండమ్మాయ్. వాడక్కడ ఆరుబయట పడుకోవాలి. చలికి ఏదైనా వేసి పంపుదాం" అన్నాడు బావ. కొత్తది కుట్టే టైము లేదు. కొక్కేనికున్న దొర కోటు తీసి దులిపి, గుండీకి తొడిగాడు.

తొడిగి గుండీలు పెట్టాడు. మెడ దగ్గర వేలు దూర్చి చూశాడు. ఛాతీ దగ్గర చూశాడు. ఎడమ భుజం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్కడ దించి కుట్టిన చోట కోటు ఎక్కడా ముడత పడలేదు. గుండీ ఎడమ భుజం కూడా సరిగ్గా అంతే కిందికి ఉంది. ఇన్నాళ్ళూ ఆ తెల్ల బొచ్చులో కనబడలేదు.

బావ నేల మీద చతికిలబడ్డాడు. "ఆది" అన్నాడు. మళ్ళీ "ఆది దొరికింది!" అని అరిచి, నా చేతిలో గొలుసు లాక్కుని వాకిట్లోకి పరిగెత్తాడు. నేనూ అక్కా వెనకే పరిగెత్తాం.

హెడ్మాస్టరమ్మ తన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. పక్కన దొర. బావ గుండీని తీసుకెళ్ళి దొర పక్కన నిలబెట్టాడు. రెండు కుక్కలూ ఎడమ భుజం దించి, తల ఒకే వైపు వంచి, ఆవిడ వంక చూశాయి. రంగు తప్ప తేడా లేదు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారావిడ.

"ఆదండీ" అన్నాడు బావ వగరుస్తూ. "మీ దొరకి కుట్టిన కోటు అమ్మగారూ. ఎక్కడా కుట్టు విప్పలేదు. మా వాడికి అతికినట్టు సరిపోయింది, ఆ భుజంతో సహా."

ఆవిడ మొహం ఎర్రబడింది. "నోరు ముయ్యి! మా దొర గేటు దాటడు!"

ఇంతలో గుండీకి ఈ గొడవ విసుగేసి గొలుసు విడిపించుకున్నాడు. తెరిచి ఉన్న గేటులోంచి వీధిలోకి దౌడు తీసి, అవతలి నుంచి మొరిగాడు. దొర తాపీగా లేచాడు. గేటు వైపు వెళ్ళలేదు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. ప్రహరీ మూల వరసగా పెట్టిన పూలకుండీల దగ్గరికి వెళ్ళి, మూడో కుండీని ముక్కుతో పక్కకి జరిపి, దాని వెనకున్న కంతలోంచి వీధిలోకి వెళ్ళిపోయాడు. రోజూ ఆఫీసుకి వెళ్ళేవాడిలా ఉంది ఆ వెళ్ళడం.

హెడ్మాస్టరమ్మ నోరెళ్ళబెట్టి ఆ కుండీనే చూస్తూ ఉండిపోయారు. నాకు నవ్వాగక అక్క భుజంలో మొహం దాచుకున్నాను. అక్క మాత్రం చాలా మర్యాదగా అడిగింది. "వియ్యపురాలుగారూ, టీ తీసుకుంటారా?"

గేటు బయట తండ్రీ కొడుకులు ఒకరి చెవి ఒకరు నాక్కుంటున్నారు. దొరకి చిరాకు పడే ఉద్దేశమేమీ ఉన్నట్టు లేదు. ఆవిడ చాలాసేపు వాళ్ళ వంకే చూశారు. తర్వాత కర్ర తీసుకుని మెల్లగా లేచి, కుండీని మళ్ళీ దాని చోట్లోకి జరిపారు. కంత పూర్తిగా మూసుకుపోకుండా కొంచెం ఇవతలగా పెట్టారు.

"ఏమయ్యా టైలరూ" అన్నారు, బావ వంక చూడకుండా. "ఆ కోటు వాడికే ఉంచు. మా దొరకి ఇంకోటి కుట్టు."

"అలాగేనండీ అమ్మగారూ. భుజం..."

"ఆ భుజం అలాగే దించి కుట్టు" అన్నారావిడ. "మా వాళ్ళకి అది వంశంలోనే ఉంది."

బావ షాపులోకి వచ్చి నేరుగా మిషన్ దగ్గరికి వెళ్ళి నూనె డబ్బా తీశాడు. నూనె సగం గుడ్డ మీద పోసుకున్నాడు. కుట్టాల్సిన గలీబు పాడైంది. అక్క చీపురు తీసుకుని బొచ్చు ఊడ్చింది.